చెరిపేసిన చీకటి ఫోటో

మీటరు మామయ్య తన పెళ్ళాం పేరు అడగకముందే ఆమె దవడ మీద ఎంత వెలుతురు పడుతోందో కొలిచాడు. అదీ ఆయన వరస.

అప్పటికింకా ఆయన ఎవరికీ మామయ్య కాలేదు, మీసాలు సరిగా రాని కుర్రాడు. పెద్ద మాస్టారి స్టూడియోలో కెమెరా పట్టేవాడు. నెగటివ్‌ల మీద మచ్చలు దిద్దే టచింగ్ పనికి మనిషి కావాలంటే ఆ అమ్మాయి వచ్చి కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుంది. మాస్టారు లోపలినుంచి వచ్చేలోగా ఈయన మెడలో వేలాడుతున్న లైట్ మీటరు తీసి, దాని తెల్లటి బుడిపెను ఆమె ఎడమ దవడ దగ్గర పెట్టాడు.

"ఏమయ్యా, జ్వరం చూస్తున్నావా?" అంది ఆమె.

"వెలుతురు చూస్తున్నానండీ."

"దానికి కళ్ళు చాలవా?"

"కళ్ళకి మొహమాటం ఎక్కువండీ. ఎంత చీకటైనా సర్దుకుపోయి బానే ఉంది, బానే ఉంది అంటాయి. మీటరుకి మొహమాటం లేదు."

ఆమె పకపకా నవ్వింది. దవడ అంచున తేనెరంగు పుట్టుమచ్చ ఒకటుండేది ఆమెకు. నవ్వితే అది కొంచెం పైకి జరిగేది. ఆ జరగడం చూసి ఈయన మీటరులో ముల్లు ఎక్కడుందో మర్చిపోయాడు. మాస్టారు వచ్చి నెత్తిమీద ఒకటి మొట్టాక గాని ఈ లోకంలోకి రాలేదు.

అలా మొదలైన కాపురం. పిల్లలు పుట్టలేదు. స్టూడియోయే పిల్లా పీచూ అన్నీ. మాస్టారు పోయాక దాన్ని వీళ్ళిద్దరే నడిపారు. ఆయన తీసేవాడు, ఆమె దిద్దేది. నాలుగు వెంట్రుకలున్న కుంచెతో ఊరందరి మొటిమలూ, కాట్లూ, మచ్చలూ మాపింది. "నా చేతిలో పడితే కోతికైనా పెళ్ళి కుదురుతుంది" అనేది. నోట్లో నువ్వుగింజ నానదు ఆ మనిషికి. కానీ తన ఫోటో మాత్రం తియ్యనిచ్చేది కాదు.

దానికో కథ ఉంది. వాళ్ళ పెళ్ళి ఫోటో మాస్టారే తీశాడు, మాస్టారే స్వయంగా దిద్ది కానుకగా ఇచ్చాడు. తీరా చూస్తే దవడ మీద పుట్టుమచ్చ లేదు. నెగటివ్ మీదే పెన్సిలుతో పూడ్చేశాడు మహానుభావుడు, మేలు చేశాననుకుని. ఆమె ఆ పటం పట్టుకుని, "ఈయన పక్కన నిలబడ్డ ఈ పిల్లెవరు? నా మచ్చ ఎవడికి అడ్డమొచ్చింది?" అని మాస్టారినే నిలదీసింది. ఆ రోజునుంచి కెమెరా ఎత్తితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేది. ఊరందరి మొహాలూ గోడలకెక్కించిన ఇంట్లో ఇల్లాలి మొహం ఒక్కటీ లేదు. దీపం కింద చీకటంటే అదే.

మామయ్యకి మీటరు పిచ్చి ముదిరింది తప్ప తగ్గలేదు. కూరగాయలు కొనడానికి వెళ్ళినా మెడలో అదే. మంగలి దుకాణంలో కూర్చుని అద్దం మీద పడే ఎండ కొలిచేవాడు. ఆస్పత్రిలో ఎవరినైనా పలకరించడానికి వెళ్తే మంచం మీదున్న రోగి కన్నా ముందు కిటికీని పలకరించేవాడు. మీటరు మామయ్య అన్న పేరు ఊరు పెట్టింది.

ఆ పిచ్చిలో ఒక శాస్త్రం ఉంది. ఫిల్ము డబ్బా మీద దాని వేగం నాలుగొందలని రాసుంటే ఆయన మీటరులో రెండొందలే పెట్టుకునేవాడు, వెలుతురు రెట్టింపు పడాలని. "డబ్బా మీద రాసింది అమ్మేవాడి మాట, మీటరులో పెట్టుకునేది కొనేవాడి మాట" అని మాస్టారు నేర్పిన పాఠం. మొహంలో వెలుగున్న వైపు కాదు, నీడ ఉన్న వైపు కొలవాలి. కొలిచాక పైన ఇంకో పిసరు కలపాలి, ముసలమ్మ కూరలో చింతపండు వేసినట్టు. ఎందుకంటే నెగటివ్ ఫిల్ముకి పెద్ద కడుపు. వెలుతురు ఎక్కువ పెడితే అరాయించుకుంటుంది, తక్కువ పెడితే చచ్చిపోతుంది. ఎక్కువ తిన్న నెగటివ్ నల్లగా, దట్టంగా తయారవుతుంది. దాంట్లో మనిషి ఎక్కడికీ పోడు. డార్క్ రూములో కాస్త ఎక్కువ సేపు వెలుతురు పోస్తే మెల్లగా కాగితం మీదికి దిగొస్తాడు. పల్చటి నెగటివ్ అలా కాదు. దాంట్లో ఏమీ ఉండదు. ఆలూ లేదు చూలూ లేదు, పేరేం పెడతావు? పల్చటివి కత్తిరించి బుట్టలో వెయ్యడం ఆమె పని. ఆ బుట్ట ఇద్దరికీ అంత అలవాటు.

తర్వాత కాలం మారింది. రీళ్ళు పోయాయి, కడిగే లాబు పోయింది, ఆ కొట్లో సెల్‌ఫోన్లకి గాజు బిళ్ళలు అతికిస్తున్నారు. స్టూడియో తలుపు మూసి చాలా కాలమైంది. మామయ్య చెల్లెలి కొడుకు డిజిటల్ కెమెరాలతో దుకాణం పెట్టి పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. మామయ్య అప్పుడప్పుడూ వెళ్ళి వాడి పనికి వంకలు పెట్టి, టీ తాగి వచ్చేవాడు.

అలాంటి రోజుల్లో ఆమె ఎడమ దవడలో గడ్డ లేచింది. పంటినొప్పి అనుకున్నారు. లవంగం పెట్టారు, ఉప్పునీళ్ళు పుక్కిలించారు. ఆస్పత్రికి వెళ్ళేసరికి డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురు పెట్టెకి తగిలించి, పెన్నుతో ఒక గీత గీసి చూపించింది. గీతకి ఇవతలున్నదంతా తీసెయ్యాలి. కింది దవడ ఎడమ సగం, దాని మీది చర్మం. ఆలస్యం చేస్తే గొంతులోకి దిగుతుంది.

మామయ్య ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు. మచ్చ గీతకి ఇవతలే ఉంది.

ఇంటికొచ్చాక ఆమె చెప్పులైనా విప్పకుండా వంటింటి గడపలో కూర్చుంది.

"ఏమయ్యా."

"ఏమే."

"నా ఫోటో ఒకటి తియ్యి."

ఆయన ఒక చెప్పు విప్పి, రెండోది విప్పడం మరిచాడు.

"అలా గుడ్లప్పగించి చూడకు. కొయ్యకముందు నా మొహం ఎలా ఉందో నాకు ఉండాలి. తర్వాత అద్దంలో కనిపించేదాన్ని ఎవరో అనుకుని నేనే తలుపు వేస్తానేమో. ఉన్నది ఉన్నట్టు తియ్యాలి. దిద్దావంటే ఊరుకోను."

ఫ్రిజ్‌లో అడుగున దాచిన ఆఖరి రీలు తీసి చూస్తే దాని గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా ఆశ చావక ఒక ముక్క కడిగి చూశాడు. నల్లగా పొగచూరి ఉంది. ఇక గత్యంతరం లేక మేనల్లుడి దుకాణానికి వెళ్ళాడు.

"నేనొచ్చి తీస్తాను మామయ్యా, అత్తయ్య కోసం ఆ మాత్రం రానా?" అన్నాడు వాడు.

"మీ అత్తయ్య ఒప్పుకోదురా. మొదట కొలిచినవాడే ఆఖరున కొలవాలంటోంది."

"సరే, అయితే ఇది తీసుకెళ్ళు. ఇదిగో, దీన్ని ఆటోమేటిక్‌లో పెట్టేశాను. నువ్వు నొక్కడమే. దీని మీటరు దీనికుంది."

"దాని మీటరా!" మామయ్య నవ్వాడు. "నల్లకోటు వేసుకున్నవాడినీ తెల్లకోటు వేసుకున్నవాడినీ ఒకే బూడిదరంగు అనుకుంటుంది కెమెరా లోపలి మీటరు. నాకు పాఠాలు చెప్పకురా అల్లుడూ. చేత్తో తిప్పుకునేలా పెట్టివ్వు."

వాడు పెట్టిచ్చాడు. ఎలా చూడాలో, బుట్ట బొమ్మ ఉన్న మీట నొక్కి ఎలా చెరపాలో చూపించాడు. ఇంకేదో చెప్పబోతుంటే ఎవరో గిరాకీ వచ్చారు, మామయ్య లేచొచ్చేశాడు. మగవాడి గర్వం ఎండిన రొట్టెలాంటిది. పాతబడేకొద్దీ గట్టిపడుతుంది.

మర్నాడు పొద్దున ఆమెను ముందుగదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఎడమ వైపు కిటికీకి ఉండాలంది, మచ్చ బాగా పడాలని. తెల్లటి శాలువా కప్పుకుంది. గడ్డ వల్ల ఆ వైపు చర్మం బిగిసి నున్నగా మెరుస్తోంది. ఆయన కెమెరాలో నాలుగొందలని ఉంటే, అలవాటుగా మీటరులో రెండొందలు పెట్టాడు. మొహం నీడ వైపు కొలిచాడు. దానికి ఒక పిసరు కలిపాడు. జీవితంలో ఇంతకన్నా ముఖ్యమైన ఫోటో లేదు గదా అని ఇంకో పిసరు కలిపాడు.

నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. వెనకవైపు చిన్న తెరలో ఆమె మొహం సగం నల్లగా మిణుకుమిణుకుమంటోంది.

"ఏమిటది, నా మొహం కన్నుకొడుతోంది?" అంది ఆమె కళ్ళజోడు పెట్టుకుని.

"ఏదో బాటరీ గొడవలే." అదీ ఇదీ నొక్కితే మిణుకు ఆగిపోయింది.

"మరీ తెల్లగా ఉన్నాను కదా. సున్నం కొట్టినట్టు."

"దట్టంగా పడ్డావు. మంచిదే. వాడి దుకాణంలో కిందికి దించుకోవచ్చు. ఎన్ని దించలేదు మనం?"

ఆమె తల ఊపింది. అవును, ఎన్ని దించలేదు వాళ్ళు! పాలరాతి బొమ్మల్లా వచ్చిన పెళ్ళికూతుళ్ళని నగానట్రాతో, ముక్కూ మొహంతో దింపిన చేతులవి.

ఆయన మళ్ళీ కెమెరా ఎత్తాడు. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ కిటికీకి అడ్డంగా వచ్చి నిలబడింది. ఆవిడ కొంచెం భారీ మనిషి, కిటికీ అంతా ఆవిడే అయింది.

"ఏం వదినా, పెళ్ళిచూపులా?"

"అవునమ్మా, ఈసారైనా మంచివాడు దొరుకుతాడేమోనని!"

అని పకపకా నవ్వింది. జబ్బు పేరు విన్నాక ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. ఆ నవ్వులోనే ఆయన వేలు నొక్కేసింది.

"తప్పుకోమ్మా తల్లీ, సూర్యుడికి అడ్డమొచ్చావు!" అని కసిరాడు. ఆవిడ నాలిక కరుచుకుని వెళ్ళిపోయింది. తెరలో చూస్తే ఫోటో చీకటిగా ఉంది. మొహం ఉందా లేదా అన్నట్టుంది.

"ఇంకొక్కటి తీస్తాను" అని కెమెరా ఎత్తితే, జాగా లేదని తెర మీద ఏదో పడింది. మేనల్లుడు తీసిన పెళ్ళివాళ్ళ ఫోటోలతో కెమెరా లోపలి మెమరీ కార్డు నిండిపోయింది. ఎవరి పెళ్ళో, ఆ పుణ్యాత్ములవి ముట్టుకోకూడదు. తనవాటిలోనే ఒకటి తీసెయ్యాలి.

"ఏది తీసెయ్యమంటావే?"

ఆమె కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చూసింది. చీకటి దాని దగ్గర ఆగి, పెదవి విరిచింది. "ఇదే. పల్చటిది. ఏముంది ఇందులో, బుట్టలో పడెయ్."

ఆయన బుట్ట బొమ్మ మీద వేలు పెట్టి నొక్కాడు. ఖాళీ అయిన జాగాలో ఇంకొకటి తీశాడు, ఇంకో పిసరు వెలుతురు ఎక్కించి. ఇద్దరూ తృప్తిగా టీ తాగారు. కార్డు తీసి ఖాళీ ఫిల్ము డబ్బాలో వేసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కెమెరా మేనల్లుడికి ఇచ్చేశాడు గాని కార్డు ఇవ్వలేదు. "నేనుండగా దించాలి" అన్నాడు. పెళ్ళి ఫోటోలకి నకళ్ళు తన దగ్గరున్నాయని వాడు సరేనన్నాడు.

ఆ తర్వాత ఆస్పత్రి.

కోత అయ్యాక ఆమె మొహానికి తెల్లటి కట్టు, గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం. మాట లేదు. అంత నోరున్న మనిషి కళ్ళతో అడగడం, వేళ్ళతో చెప్పడం నేర్చుకుంది. మామయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని, గంటకోసారి జేబు తడుముకునేవాడు. డబ్బా గలగలలాడితే ప్రాణం కుదుటపడేది. అక్కడుంది ఆమె మొహం, క్షేమంగా.

కట్టు విప్పిన రోజున డాక్టరమ్మ ఆయన్ని బయట ఉండమంది. ఉండలేదు. చూశాడు. కుండకి ఒక వైపు పెంకు ఊడిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. తొడమీదినుంచి తీసి అతికించిన చర్మం వేరే మనిషిదిలా ఉంది. ఆమె చేత్తో గాలిలో గుండ్రంగా గీసింది, అద్దం ఇమ్మని. ఆయన ఇవ్వలేదు. ఆమె ఆయన జేబు వంక చూపించి, వేళ్ళతో చతురస్రం గీసింది.

"తెస్తాను. పెద్దది వేయించి తెస్తాను. రేపు ఇంటికెళ్తాం గదా, ఇంట్లో చూద్దువు."

ఆమె వేలు ఎత్తి బెదిరించింది. దిద్దొద్దని.

ఆమెను ఇంట్లో పడుకోబెట్టి, పక్కింటావిడని కూర్చోబెట్టి, మామయ్య మేనల్లుడి దుకాణానికి పరుగులాంటి నడక నడిచాడు. వాడు కార్డు పెట్టి పెద్ద తెర మీద తెరిచాడు. చూశాడు. మామయ్యకి తెర కనబడేలా కుర్చీ పక్కకి జరిపాడు.

తెర మీద శాలువా నీడ వైపు అంచు ఉంది, కుడి చెవి ఉంది, జుట్టు ఉంది. ఎడమ వైపు మొహం లేదు. కాగితంలా తెల్లగా ఉంది.

"కిందికి దించు" అన్నాడు మామయ్య.

వాడు దించాడు. తెలుపు మాసిపోయి బూడిదైంది. బూడిద ముదిరి మట్టిరంగైంది. మొహం మాత్రం రాలేదు. మచ్చ రాలేదు. పెదవి చివర రాలేదు.

"ఇంకా దించు."

"దించాను మామయ్యా. రంగు మారుతోంది గాని లోపల ఏమీ లేదు."

"ఎందుకుండదురా? అంత వెలుతురు పెడితే! దట్టంగా పడింది, నా కళ్ళతో చూశాను. పక్కది తియ్యి."

పక్కది తీశాడు. దాని పక్కది తీశాడు. ఆఖరుదైతే కుడి చెంప కూడా లేదు. మామయ్య వాడి చేతిలోంచి మౌస్ లాక్కుని తనే గీకడం మొదలెట్టాడు, గీకితే సున్నం కిందినుంచి మనిషి వస్తుందన్నట్టు. వాడు మెల్లగా ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"మామయ్యా, ఇది నెగటివ్ లాంటిది కాదు. కుంచంతో కొలిచినట్టు కొలుస్తుంది. నిండేదాకా ఎంత పోస్తే అంత ఉంటుంది. నిండాక పోసింది నేలపాలే. మళ్ళీ ఎత్తలేం. అందుకే మేం తెల్లటిచోటు చూసుకుని, అది నిండకుండా తీస్తాం. ఇందులో నాలుగొందలంటే నాలుగొందలే, సగం చెయ్యకూడదు. నీ దగ్గర పాత స్లైడు ఫిల్మని ఒకటుండేదటగా, అమ్మ చెప్పేది. ఇది దానికి చుట్టం."

మామయ్య కుర్చీలో కూలబడ్డాడు. స్లైడు ఫిల్ము! మాస్టారు ఏడాదికోసారి క్యాలెండర్లవాళ్ళ కోసం తీసేవాడు. "నెగటివ్‌కి నీడ చూడు, స్లైడుకి తెలుపు చూడు, మర్చిపోతే నీ బతుకు తెల్లారినట్టే" అని చెవి మెలేసి చెప్పాడు. ఆ చెవి ఇంకా ఉంది. మాటే పోయింది.

"మరి అది మిణుకుమిణుకుమంది..."

"అదే చెబుతోంది మామయ్యా, ఇక్కడ కాలిపోయింది, ఇక్కడ కాలిపోయిందని."

ఫ్యాను తిరుగుతోంది. వాడు పాపం ఏదో ఒక దారి వెతుకుతూ అన్నాడు, "పోనీ, ఒక్కటైనా చీకటిగా రాలేదా? తక్కువ పడ్డది ఏదైనా? తక్కువ పడితే భయం లేదు. చీకట్లోంచి ఎంతైనా పైకి లాగొచ్చు."

మామయ్య వాడి మొహంలోకి చూశాడు. గుండెల్లో రాయి పడింది అంటారే, పడినప్పుడు చప్పుడు కూడా వినిపిస్తుందని ఆయనకి అప్పుడే తెలిసింది.

"వచ్చింది" అన్నాడు.

"ఏదీ?"

"చెరిపేశాం."

పల్చటివి పారెయ్యడమే బతుకంతా చేసిన ఇద్దరు మనుషులు, తలా ఒక చెయ్యి వేసి, ఉన్న ఒక్క మంచి ఫోటోని బుట్టలో వేశారు. మిగతావాళ్ళెవరైనా అయితే చీకటిదైనా ఉండనీ అని ఒకటి వదిలేసి ఉండేవాళ్ళు. పని రానివాళ్ళకి ఆ అదృష్టం ఉంటుంది.

ఆ తర్వాత మామయ్య కాలుకాలిన పిల్లి అయ్యాడు. మేనల్లుడు చెరిగినవి వెతికే యంత్రమేదో పెట్టి చూస్తానన్నాడు, టైము పడుతుందన్నాడు. ఆయన ఆగలేకపోయాడు. తెల్లటి ఫోటోనే ఒకటి కాగితం మీద వేయించుకుని, సందులో నిలబడి, దాన్ని ఎండకెత్తి వెనకనుంచి చూశాడు, నెగటివ్‌ని చూసినట్టు. కాగితంలోంచి తన వేళ్ళ నీడే కనిపించింది. తెలిసిన ప్రతి ఫోటోల దుకాణం గడపా తొక్కాడు. ఒకడు నవ్వాడు. ఒకడు, "కావాలంటే వేరే ఎవరి దవడైనా అతికిస్తాం పెద్దాయనా, కనుక్కోలేరు" అన్నాడు. మామయ్య వాడి బల్ల మీదినుంచి కాగితం లాక్కుని బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఆకులు కూడా కాలుతాయి.

ఇంట్లో ఆమె రోజూ చతురస్రం గీస్తూనే ఉంది. ఆయన "ఎండుతోంది", "చట్రం కడుతున్నారు" అని చెబుతూనే ఉన్నాడు. ఆమె ఆయన్ని చూసే చూపు మారింది. బాకీ ఎగ్గొట్టే గిరాకీని చూసేది అలా. పక్కింటావిడ ఒకరోజు అసలు సంగతి తెలియక, "ఆ రోజు నేనడ్డమొచ్చి ఒకటి పాడుచేశాను వదినా, పాపం" అంది. మామయ్య లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. పాడుచెయ్యలేదమ్మా, ఆ ఒక్కటే నువ్వు నిలబెట్టావు అని ఎలా చెప్పడం?

చివరికి మేనల్లుడు కబురంపాడు. దొరికింది, రమ్మని. వెళ్తే తలుపు దగ్గరే భుజాలు పట్టుకుని ఆపాడు.

"మామయ్యా, ముందే చెబుతున్నా. సగమే దొరికింది. కార్డులో పై సగం ఒక మూల, కింది సగం ఒక మూల దాచుకుంది. కింది సగం ఉన్నచోట..." అని ఆగాడు.

"నేను తీసిన ఆఖరుది కూర్చుంది."

"అవును."

చూపించాడు. చీకట్లోంచి పైకి లాగాడు. వాడన్నట్టే వచ్చింది, ఎంత చక్కగా వచ్చింది! తెల్లవెంట్రుకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నుదుటి గీతలు. కళ్ళ చివర ముడతలు, నవ్వులో దగ్గరికి లాగిన కళ్ళు. ముక్కు. ముక్కు కిందనుంచి ఒక అడ్డగీత. గీత కిందంతా నున్నటి బూడిదరంగు, వెలుతురు కొలవడానికి మాస్టారు మొహం పక్కన పట్టే అట్ట రంగు.

దేవుడు ఉంచినది ఉంది. డాక్టరమ్మ తీసినది లేదు. ఎవరిమీద కోప్పడాలో ఆయనకి తెలియలేదు. దాన్నే పెద్దది వేయించాడు. ఇంక అబద్ధాలు చెప్పే ఓపిక లేదు.

ఇంటికొచ్చేసరికి ఆమె దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. పక్కింటావిడ లేచి వెళ్ళింది. మామయ్య ఫోటో ఆమె ఒళ్ళో పెట్టి, మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. మొత్తం చెప్పాడు. కుంచం సంగతి, మిణుకు సంగతి, బుట్ట సంగతి.

"చీకటిదే మంచిదట. మనం పారేసిందే."

ఆమె ఫోటో వంక చూస్తూనే ఉంది. ఒకసారి ఆయన వంక చూసి, తన గుండె మీద వేలు పెట్టుకుంది. పారెయ్యమన్నది నేనే అని. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె విసుగ్గా చెయ్యి విదిల్చి, బీరువా చూపించింది. ఏం కావాలో ఆయనకి చెప్పనక్కర్లేదు. టచింగ్ పెట్టె. కుంచె అలాగే ఉంది, రంగు బిళ్ళలు ఎండి బీటలువారాయి. గిన్నెలో నీళ్ళు పోశాడు.

ఆమె కుంచె తడిపి, గోధుమరంగు మీద తిప్పి, బూడిద మీద చుక్క పెట్టడానికి వంగింది. దిద్దనివ్వనని ఒట్టేసిన మనిషి. కుంచె కొన ఫోటోలో ఎడమ పక్కకి వెళ్ళింది.

"అటు కాదే" అన్నాడు మామయ్య. "నువ్వు అద్దంలో చూసుకున్న వైపు అది. ఇటు."

కుంచె ఆగింది. బతుకంతా ఊరందరినీ వాళ్ళ సరైన వైపునుంచి చూసిన మనిషి, తనని మాత్రం అద్దంలోనే చూసుకుంది. ఆమె మొహం ఉన్నది ఉన్నట్టు చూసినవాడు లోకంలో ఇక ఈయనొక్కడే. ఆమె కుంచెను కుడిపక్కకి తెచ్చింది. కాగితానికి తగలకుండా, గాలిలోనే పట్టుకుని, ఆయన వంక చూసింది.

ఆయన మోకాళ్ళ మీద లేచాడు. మెడలో మీటరు మంచం కోడుకి తగిలి టక్కుమంది. బూడిద వంక చూశాడు. పైన నవ్వుతున్న కళ్ళు చూశాడు. నవ్వితే మచ్చ పైకి జరుగుతుంది. ఎంత పైకి? పెదవి చివర తిన్నగానా, ఇంకా కిందికా? ఎన్నివేలసార్లు చూశాడు! ఒక్కసారి కొలిచాడా?

"కొంచెం కిందికి" అన్నాడు.

కుంచె కిందికి జరిగింది.

"కాదు... పైకి. కొంచెం."

కుంచె పైకి జరిగింది.

ఆయన వేలు పెట్టి చూపించబోయాడు. వేలు కాగితానికి జానెడు దూరంలో ఆగిపోయింది. ఇక్కడనబోయాడు, అనలేకపోయాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మూసుకుంటే స్టూలు మీద కూర్చున్న ఆ అమ్మాయి, ఆ కిటికీ, మీటరు తెల్లబుడిపె, అన్నీ వచ్చాయి. దవడ దగ్గరికొచ్చేసరికి తెల్లగా ఉంది.

కుంచె కొన ఆరిపోయింది. ఆమె దాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచి, అంచుకి తుడిచి, ఆయన కళ్ళు తెరిచేదాకా పట్టుకుని కూర్చుంది.